కీబోర్డు మీద టీ పడితే, క్రిములు చేరితే: ఏ పని ముందు, ఏది తర్వాత

"ల్యాప్‌టాప్ మీద టీ ఒలికింది, ఇప్పుడేం చేయాలి?", "శానిటైజర్‌తో కీబోర్డు తుడవొచ్చా?" ఈ రెండు ప్రశ్నలు పాఠకుల నుంచి మళ్లీ మళ్లీ వస్తున్నాయి. మొదటి ప్రశ్న అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే చేయకూడని పని ఒకటి చేసేసి ఉంటారు. పైపైన తుడిచి, "పనిచేస్తోందా లేదా" అని ఆన్ చేసి చూస్తారు.

కీబోర్డు పాడవడానికి పడిన టీ ఎంత కారణమో, ఆ తర్వాత మనం చేసే పనుల వరుస కూడా అంతే కారణం. కరెంటు తీయకముందే తుడవడం, మురికి పోకముందే స్పిరిట్ రాయడం, పూర్తిగా ఆరకముందే ఆన్ చేయడం. ఈ మూడు తప్పులు చేయకపోతే చాలా కీబోర్డులు బతికి బయటపడతాయి. అందుకే ఇక్కడ ప్రతి పనినీ వరుసలో పెట్టి చెబుతున్నాను. ఇప్పుడే ఏదైనా ఒలికి ఇది చదువుతున్నవాళ్లు నేరుగా 4వ భాగానికి వెళ్లిపోండి, మిగతాది తర్వాత చదవొచ్చు.

1. మీ కీబోర్డు ఏ రకమో చూసుకోండి

ఒక రకానికి పనికొచ్చే పద్ధతి ఇంకో రకానికి చేటు చేస్తుంది. ఇళ్లలో, ఆఫీసుల్లో కనిపించేవి ముఖ్యంగా మూడు రకాలు.

మెంబ్రేన్ కీబోర్డు: ఐదారొందలకు దొరికే మామూలు యూఎస్‌బీ కీబోర్డు. లోపల మూడు పల్చటి ప్లాస్టిక్ పొరలు, వాటిమీద వెండి సిరాతో గీసిన సన్నని దారులు, పైన రబ్బరు బొడిపెలు ఉంటాయి. పొరల మధ్యకు నీళ్లు వెళితే వాటంతట అవి బయటికి రావు.

మెకానికల్ కీబోర్డు: ప్రతి బటన్ కింద విడి స్విచ్ ఉంటుంది. ధర ఎక్కువ. కానీ బటన్ల పైనుండే టోపీలు (కీక్యాప్‌లు) ఊడదీసి శుభ్రం చేసుకోవచ్చు, చెడిపోయిన స్విచ్ ఒక్కటే మార్చుకోవచ్చు.

ల్యాప్‌టాప్ కీబోర్డు: అన్నింటికన్నా ప్రమాదం దీనికే, ఎందుకంటే కీబోర్డు కిందే మదర్‌బోర్డు, బ్యాటరీ ఉంటాయి. బటన్ల కింద కత్తెర ఆకారంలో సన్నటి ప్లాస్టిక్ ముక్కలుంటాయి. గోటితో పీకితే విరిగిపోతాయి. విరిగినవి మళ్లీ అతకవు.

ల్యాప్‌టాప్ కొనేటప్పుడు "స్పిల్ రెసిస్టెంట్" అని చూసి కొన్నవాళ్లు ఒకటి గమనించాలి. కడుక్కోవచ్చని దాని అర్థం కాదు. కాసిని నీళ్లు పడితే ఆఫ్ చేసేందుకు కొంత సమయం దొరుకుతుంది, అంతే. థింక్‌ప్యాడ్ లాంటి కొన్ని మోడళ్లలో కీబోర్డు నుంచి అడుగు వరకు నీళ్లు జారిపోయే రంధ్రాలు ఉంటాయి. వాటికి కూడా ఈ మాట వర్తిస్తుంది. నిజంగా కడిగే కీబోర్డు కావాలంటే పెట్టె మీద ఐపీ రేటింగ్ (IP అనే అక్షరాల పక్కన ఉండే రెండు అంకెలు) చూడండి. ఆ రెండు అంకెల్లో రెండోది నీటికి సంబంధించినది. 4 అంటే చిందినా ఫర్వాలేదు, 7 అంటే లోతు తక్కువున్న నీళ్లలో కాసేపు మునిగినా తట్టుకుంటుంది.

2. ముందే తెచ్చి పెట్టుకోవాల్సినవి

ఒలికాక వెతుక్కుంటే లాభం లేదు. ఇవన్నీ ఒక డబ్బాలో పెట్టి టేబుల్ సొరుగులో ఉంచుకోండి.

☐ నూగు రాలని మైక్రోఫైబర్ గుడ్డలు రెండు, ఒకటి తడికి, ఒకటి పొడికి
☐ టిష్యూ పేపర్ లేదా పాత కాటన్ తువ్వాలు
☐ 70% ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా, లేదా ఇంజెక్షన్ ముందు రాసే ఆల్కహాల్ స్వాబ్‌ల పెట్టె
☐ మెత్తటి పెయింట్ బ్రష్, ఒక పాత టూత్ బ్రష్
☐ చేత్తో నొక్కితే గాలి కొట్టే రబ్బరు బ్లోయర్
☐ చెవులు తుడిచే దూది పుల్లలు
☐ మెకానికల్ అయితే టోపీలు తీసే కీక్యాప్ పుల్లర్

వీటిలో ఒక్కటే కొనగలిగితే ఆల్కహాల్ స్వాబ్‌లే కొనమంటాను. మందుల షాపులో చవగ్గా దొరుకుతాయి, ఒక్కోటి విడి కవర్లో ఉంటుంది కాబట్టి ఆరిపోదు, కీబోర్డులోకి కారేంత తడి కూడా ఉండదు.

99% ఐసోప్రొపైల్ దొరికితే 70 మిల్లీలీటర్లకు 30 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ కలిపితే సుమారుగా 70% అవుతుంది. బ్యాటరీ షాపుల్లో అమ్మే డిస్టిల్డ్ వాటర్ దీనికి సరిపోతుంది. అదే షాపులో బ్యాటరీ యాసిడ్ కూడా అలాంటి క్యాన్లలోనే అమ్ముతారు, లేబుల్ చూడకుండా తీసుకోవద్దు. ఆల్కహాల్ ఏదైనా సరే మంట అంటుకుంటుంది. పొయ్యి, దీపం, అగరొత్తి దగ్గర వాడొద్దు.

3. ఒలకకుండా టేబుల్ సర్దుకోవడం

"టేబుల్ మీద టీ తాగొద్దు" అనే నియమం ఎవరూ పాటించరు. కాబట్టి టీ ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడం మేలు.

ఎక్కువగా కప్పు తగిలేది మౌస్ పట్టుకున్న చేతికి, లేదా చార్జర్ వైరు లాగినప్పుడు. అందుకని కప్పును మౌస్ లేని వైపు, వైర్లకు దూరంగా పెట్టండి. ఇంకా మంచిది, పక్కన చిన్న స్టూలు వేసి టేబుల్ కన్నా కిందికి పెట్టడం. అక్కడ ఒలికితే నేల మీద పడుతుంది. నీళ్ల సీసాకు ఒక గుక్క తాగగానే మూత బిగించే అలవాటు చేసుకోండి. టీకి మూతున్న మగ్గు వాడండి.

వానాకాలంలో కిటికీ పక్కన టేబుల్ ఉంటే జల్లు కొడుతుంది. ఏసీ కింద ఉంటే ఒక్కోసారి డ్రైన్ పైపు మూసుకుపోయి నీళ్లు కారతాయి. కీబోర్డు పాడవడానికి ఈ రెండూ కారణమని ఎవరికీ తట్టదు, టేబుల్‌ను రెండడుగులు జరిపితే సరిపోతుంది.

ఇంట్లో నుంచి పనిచేసేవాళ్లకు నా గట్టి సలహా: ల్యాప్‌టాప్‌ను స్టాండ్ మీద ఎత్తులో పెట్టి, టైపింగ్‌కు విడిగా ఒక మామూలు యూఎస్‌బీ కీబోర్డు వాడండి. ఒలికితే పోయేది ఐదారొందల వస్తువు, యాభై అరవై వేల ల్యాప్‌టాప్ కాదు. మెడనొప్పి కూడా తగ్గుతుంది.

ఇక సిలికాన్ కవర్ల సంగతి. కౌంటర్లు, కిరాణా బిల్లింగ్, పిల్లలు వాడే డెస్క్‌టాప్‌ల దగ్గర ఇవి చాలా బాగా పనికొస్తాయి. తీసి సబ్బు నీళ్లతో కడిగి, ఆరబెట్టి మళ్లీ వేయొచ్చు. అయితే మీ మోడల్‌కు సరిపోయేదే కొనాలి. "అన్నింటికీ సరిపోతుంది" అని అమ్మే చదును షీటు జారిపోతూ ఉంటుంది, నీళ్లు పక్కల నుంచి లోపలికే వెళతాయి.

ల్యాప్‌టాప్‌కు మాత్రం కవర్ వేసి మూత మూయడం నాకు నచ్చదు. స్క్రీన్‌కు, బటన్లకు మధ్య ఖాళీ చాలా తక్కువ. కవర్ మందంగా ఉంటే స్క్రీన్ మీద ఒత్తిడి పడి మరకలు పడతాయి, పగలొచ్చు కూడా. కొన్ని మోడళ్లు కీబోర్డు సందుల్లోంచి వేడి వదులుతాయి, కవర్ వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. వేయాలనుకుంటే పని చేసేటప్పుడు వేసి, మూసే ముందు తీసేయండి.

4. ఒలికిన మొదటి నిమిషం

ఇక్కడ వరుస తప్పకూడదు.

యూఎస్‌బీ కీబోర్డు అయితే:

1. వైరు పీకేయండి. వైర్‌లెస్ అయితే స్విచ్ ఆపి సెల్స్ తీసేయండి.
2. వెంటనే బోర్లించి, టేబుల్ అంచున పట్టుకుని నెమ్మదిగా దులపండి.
3. బోర్లించి ఉంచే, తువ్వాలుతో అద్దండి. రుద్దొద్దు, రుద్దితే తడి సందుల్లోకి వెళుతుంది.

ల్యాప్‌టాప్ అయితే:

1. టీ ప్లగ్గు బోర్డు దాకా వెళ్లిందేమో ఒక్క క్షణం చూడండి. వెళ్లి ఉంటే ముందు మెయిన్ ఆపాలి, తడి చేత్తో ఏదీ ముట్టుకోకూడదు.
2. గోడ దగ్గర స్విచ్ ఆపి చార్జర్ తీయండి.
3. పవర్ బటన్‌ను స్క్రీన్ ఆరిపోయే వరకు, సుమారు 10 సెకన్లు నొక్కి పట్టుకోండి. ఫైల్ సేవ్ చేయాలని ఆగొద్దు.
4. మౌస్, పెన్ డ్రైవ్, హెడ్‌ఫోన్ అన్నీ పీకేయండి. బయటికి ఊడే బ్యాటరీ ఉంటే అదీ తీయండి.
5. మూత వెడల్పుగా తెరిచి, తువ్వాలు మీద తలకిందులుగా నిలబెట్టండి. బటన్లు కిందికి చూడాలి, స్క్రీన్ టేబుల్ అంచుకు వేలాడాలి.
6. కారడం ఆగాక అద్ది తుడవండి.

బ్యాటరీ దగ్గర వేడిగా అనిపించినా, ఉబ్బినా, పొగ వాసన వచ్చినా ఇవేవీ చేయకుండా అందరూ దూరం జరగండి.

కరెంటు ముందు తీయాలని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. తడి ఉన్నచోట కరెంటు పారుతుంటే రాగి దారులు నిమిషాల్లోనే తుప్పు పట్టడం మొదలవుతుంది. కరెంటు లేకపోతే అదే తడి చాలా నెమ్మదిగా పాడుచేస్తుంది, మనకు బాగు చేసుకునే సమయం దొరుకుతుంది.

5. ఏం ఒలికిందో దాన్నిబట్టి తర్వాతి పని

మంచినీళ్లు తేలిక. ఆరబెడితే చాలాసార్లు సరిపోతుంది. బోరు నీళ్లయితే ఆరాక తెల్లటి ఉప్పు పొర మిగులుతుంది, ఆల్కహాల్‌తో తుడిచాకే వాడండి.

పాలు, పంచదార ఉన్న టీ, కాఫీ ఆరినా పోవు. పంచదార జిగురై బటన్లు పట్టేస్తాయి, పాలు వాసన వేస్తాయి, ఆ తర్వాత చీమలు వస్తాయి. ఉప్పు వేసిన మజ్జిగ, కొబ్బరినీళ్లు, ఓఆర్‌ఎస్, నిమ్మసోడా ఇంకా ప్రమాదం. వాటిలోని లవణాలు కరెంటును బాగా ప్రవహింపజేస్తాయి, పులుపు లోహాన్ని తింటుంది. వీటిలో ఏది పడినా ఆరబెట్టి ఊరుకోకూడదు, కడగాలి.

మెంబ్రేన్ కీబోర్డు వెనక స్క్రూలు విప్పితే పొరలు బయటికి వస్తాయి. విప్పే ముందు, ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. పొరలను తడి గుడ్డతో మెల్లగా తుడిచి, విడివిడిగా ఆరబెట్టండి. టూత్ బ్రష్ వాడితే వెండి దారులు చెరిగిపోతాయి. వైరు వచ్చి కలిసే చిన్న సర్క్యూట్ బోర్డును ఆల్కహాల్‌తో మాత్రమే తుడవాలి. పైనున్న బటన్ల చట్రం వరకు సబ్బు నీళ్లతో కడగొచ్చు.

మెకానికల్ అయితే ఫొటో తీశాక టోపీలన్నీ ఊడదీసి, గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెట్టండి. వేడినీళ్లు వద్దు, ప్లాస్టిక్ వంగుతుంది. స్పేస్, ఎంటర్, షిఫ్ట్ బటన్ల కింద లోహపు తీగ ఉంటుంది, అది వంగకుండా నిటారుగా పైకి లాగాలి. టీ దిగిన ప్రతి స్విచ్‌లో రెండు చుక్కల ఆల్కహాల్ వేసి ఇరవై ముప్పై సార్లు నొక్కి వదలండి.

ల్యాప్‌టాప్ మీద నీళ్లు కాకుండా ఇంకేది పడినా, పైకి ఆరిపోయినట్టు కనిపించినా, ఒకట్రెండు రోజుల్లోపు మెకానిక్‌కు చూపించండి. "ఆరబెట్టి ఇవ్వండి" అంటే సరిపోదు. "విప్పి, బ్యాటరీ కనెక్షన్ తీసి, బోర్డును ఐసోప్రొపైల్‌తో కడగండి" అని స్పష్టంగా చెప్పండి. బోర్డు కడగడానికి 99% మంచిది, అందులో నీరు దాదాపు ఉండదు. ఏం ఒలికిందో దాచకుండా చెబితే ఎక్కడ వెతకాలో అతనికి తెలుస్తుంది.

6. ఆరబెట్టడం

బియ్యం డబ్బాలో పాతిపెట్టడం మనవాళ్లందరికీ తెలిసిన చిట్కా. అది పనిచేయదు. బియ్యం లోపలి తడిని లాగలేదు, పైగా తవుడు, నూక సందుల్లోకి దూరుతాయి. తడిసిన ఐఫోన్లను బియ్యంలో పెట్టొద్దని యాపిల్ కూడా చెబుతోంది.

ఎండలో కూడా పెట్టొద్దు. మన ఎండాకాలం ఎండకు రబ్బరు, జిగురు, ప్లాస్టిక్ పొరలు పాడవుతాయి. హెయిర్ డ్రయ్యర్ వేడిగాలి తడిని లోపలికే నెడుతుంది.

నీడలో, టేబుల్ ఫ్యాన్ గాలికి, బోర్లించి లేదా ఏటవాలుగా ఉంచండి. విడి కీబోర్డుకు కనీసం 24 గంటలు, కడిగిన దానికి 48. ల్యాప్‌టాప్‌కు 48 నుంచి 72. వానాకాలంలో, విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఇంకో రోజు కలుపుకోండి. ఆఫీసు పని ఉందని టెన్షన్‌లో ఆరు గంటలకే ఆన్ చేసేవాళ్లే ఎక్కువ నష్టపోతున్నారు. ఆ రెండు రోజులకు ఎవరిదైనా సిస్టమ్ అడిగి తీసుకోండి.

7. క్రిముల కోసం శుభ్రం చేసే పద్ధతి

దీనికీ వరుస ఉంది: ముందు దుమ్ము, తర్వాత జిడ్డు, చివర క్రిములు. జిడ్డు పొర ఉండగా ఆల్కహాల్ రాస్తే అది క్రిములదాకా చేరదు. అందుకే రోజూ స్పిరిట్ రాసినా కొన్ని కీబోర్డులు జిగటగానే ఉంటాయి.

1. వైరు తీయండి, ల్యాప్‌టాప్ పూర్తిగా ఆఫ్ చేయండి. కొన్ని ల్యాప్‌టాప్‌లు ఏ బటన్ నొక్కినా ఆన్ అయిపోతాయి, ఒకసారి చూసుకోండి.
2. బోర్లించి దులపండి. బ్లోయర్‌తో, బ్రష్‌తో సందుల్లో దుమ్ము తీయండి. గాలి చిమ్మే స్ప్రే డబ్బా వాడితే దాన్ని నిటారుగానే పట్టుకోవాలి, వంచితే లోపలి ద్రవం చిమ్ముతుంది.
3. మైక్రోఫైబర్ గుడ్డను నీళ్లలో ముంచి బాగా పిండి, జిడ్డు తుడవండి. బాగా జిడ్డుంటే నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలపండి. వెంటనే పొడిగుడ్డతో తుడవండి.
4. స్వాబ్‌తో లేదా ఆల్కహాల్ అద్దిన గుడ్డతో బటన్ల పైభాగం, అంచులు తుడవండి. ఆ తడి అర నిమిషం నుంచి నిమిషం వరకు కనిపించాలి. అంతకు ముందే ఆరిపోతే మరోసారి రాయండి.
5. పూర్తిగా ఆరాక, ఐదు పది నిమిషాల తర్వాత ఆన్ చేయండి.

కీబోర్డు మీద ఎప్పుడూ నేరుగా స్ప్రే కొట్టొద్దు. గుడ్డ మీద కొట్టి తుడవండి.

99% ఆల్కహాల్ ఇంకా బలంగా పనిచేస్తుందనుకోవడం పొరపాటు. అది ఇట్టే ఆవిరైపోతుంది, క్రిముల్లోని ప్రొటీన్లను దెబ్బతీయడానికి కాస్త నీరు కూడా కావాలి. అందుకే 70%.

వాడకూడనివి: జెల్ శానిటైజర్, బ్లీచింగ్, ఫినాయిల్, డెట్టాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్, గోళ్ల రంగు తీసే ద్రవం. జెల్ జిగురు మిగులుస్తుంది, గోళ్ల రంగు తీసే అసిటోన్ బటన్ల ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది.

తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించిన కీబోర్డులుంటే ఆల్కహాల్‌తో గట్టిగా రుద్దొద్దు, జిగురు వదులుతుంది. పిండిన తడిగుడ్డ, ఆ తర్వాత స్వాబ్‌తో పైపైన ఒక అద్దు సరిపోతుంది.

8. నలుగురు వాడే కీబోర్డులు

ఒక్కరే వాడే కీబోర్డుకు వారానికి ఒకసారి చాలు. మీసేవ కేంద్రం, కాలేజీ ల్యాబ్, షిఫ్టుల్లో మనుషులు మారే కాల్ సెంటర్, క్లినిక్ కౌంటర్ దగ్గర మనిషి మారినప్పుడల్లా తుడవాలి. 2020లో వచ్చిన ఒక ప్రయోగంలో కరోనా వైరస్ ప్లాస్టిక్ మీద 72 గంటల దాకా కనిపించింది. చర్మం మీద ఉండే స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా పొడి ఉపరితలం మీద ఇంకా ఎక్కువ కాలమే బతుకుతుంది.

అయినా కీబోర్డు తుడవడం కన్నా చేతులు కడుక్కోవడమే ఎక్కువ కాపాడుతుంది. క్రిములు కీబోర్డు నుంచి మనలోకి వచ్చేది వేళ్ల ద్వారా ముక్కు, కన్ను, నోరు తాకినప్పుడే. టైప్ చేస్తూ మిక్చర్ తింటే కీబోర్డులో మురికి చేరడం, క్రిములు నోట్లోకి వెళ్లడం రెండూ ఒకేసారి జరుగుతాయి.

ఆల్కహాల్ అన్ని క్రిములనూ చంపదు. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్, కళ్లకలకకు ఎక్కువగా కారణమయ్యే అడినోవైరస్ దానికి అంత తేలిగ్గా లొంగవు. 2023 వానాకాలంలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కళ్లకలక విపరీతంగా వ్యాపించింది. అలాంటప్పుడు స్వాబ్‌ను నమ్ముకుని కూర్చోకండి. కళ్లకలక ఉన్నవాళ్లకు తగ్గేవరకు విడి కీబోర్డు, మౌస్ ఇవ్వండి. మిగతావాళ్లు సబ్బుతో చేతులు కడగాలి. కౌంటర్ల దగ్గర సిలికాన్ కవర్ ఇక్కడే ఎక్కువ ఉపయోగం, సబ్బు నీళ్లతో నిజంగా కడగొచ్చు కాబట్టి.

9. తరచూ వచ్చే సమస్యలు, వాటికి చేయాల్సినవి

బటన్ నొక్కితే పైకి రావట్లేదు: అంచుల చుట్టూ ఆల్కహాల్‌లో ముంచి పిండిన దూది పుల్లతో తిప్పి, పలుమార్లు నొక్కండి. కొబ్బరినూనె, కుట్టు మిషన్ నూనె వేయొద్దు, దుమ్ము ముద్దకడుతుంది.

ఒకే అక్షరం పదేపదే పడుతోంది: లోపల ఇంకా తడి ఉంది. ఆపేసి మరో రోజు ఆరబెట్టండి.

పక్కపక్క బటన్లు కొన్ని ఒకేసారి చచ్చిపోయాయి: మెంబ్రేన్ దారి తెగింది. మామూలు కీబోర్డయితే కొత్తది కొనడమే లాభం.

చీమలు పట్టాయి: పురుగుల మందు కొట్టొద్దు. బోర్లించి దులిపి, తీపి మరక ఎక్కడుందో చూసి 7వ భాగంలో చెప్పినట్టు తుడవండి. మరక పోతే చీమలు పోతాయి.

ఆయుధపూజ తర్వాత సందుల్లో పసుపు, కుంకుమ: నేరుగా తడిగుడ్డ వాడితే రంగు కరిగి సందుల్లోకి దిగిపోతుంది. ముందు పొడి బ్రష్‌తో, బ్లోయర్‌తో మొత్తం తీశాకే తడి తగిలించాలి. వచ్చే ఏడాది నుంచి బొట్టు మానిటర్ స్టాండ్‌కో, సీపీయూ డబ్బాకో పెట్టండి, అక్షింతలు వేసేటప్పుడు కీబోర్డు మీద గుడ్డ కప్పండి.

10. మళ్లీ ఆన్ చేసేటప్పుడు

☐ తడి వాసన, జిగురు ఏమీ లేవు
☐ చెప్పిన గంటలు పూర్తిగా గడిచాయి
☐ ల్యాప్‌టాప్ ముందు బ్యాటరీతో ఆన్ అయింది, చార్జర్ ఆ తర్వాతే పెట్టారు
☐ నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి బటన్ ఒక్కొక్కటిగా నొక్కి చూశారు

ఆన్ అయితే మొట్టమొదట చేయాల్సింది ముఖ్యమైన ఫైళ్లను బయటి డ్రైవ్‌లోకి కాపీ చేయడం. తుప్పు కొన్ని వారాల తర్వాత కూడా బయటపడొచ్చు, అప్పుడు ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. కొన్ని బటన్లు పనిచేయక పాస్‌వర్డ్ కొట్టలేకపోతే, విండోస్ లాగిన్ స్క్రీన్ కింద కుడి మూలన ఉన్న యాక్సెసిబిలిటీ గుర్తు నొక్కి ఆన్-స్క్రీన్ కీబోర్డు తెరిచి, మౌస్‌తో కొట్టండి.

వారంటీ ఉంది కదా అని ధీమా పడకండి. మామూలు వారంటీలో నీళ్లు పడిన నష్టం రాదు. కొన్ని ల్యాప్‌టాప్‌ల లోపల తడి తగిలితే ఎర్రబడే చిన్న స్టిక్కర్లు కూడా ఉంటాయి, సర్వీసు సెంటర్‌లో ముందు అవే చూస్తారు. ప్రమాద నష్టానికి విడిగా డబ్బు కట్టి ప్లాన్ తీసుకున్నవాళ్లు మాత్రం ల్యాప్‌టాప్ విప్పకుండా, బయటి మెకానిక్‌కు ఇవ్వకుండా నేరుగా కంపెనీకే ఫోన్ చేయాలి. బయట విప్పితే ఆ ప్లాన్ కూడా చెల్లకపోవచ్చు.